బ్లీచింగ్ పౌడర్ వాసన, తాళం వేసిన ఇళ్లు

నిన్న పొద్దున కిటికీ తీయగానే గుప్పున బ్లీచింగ్ పౌడర్ వాసన. రాత్రెప్పుడో వీధిలో నీళ్ల పైపు పగిలిందట, బాగుచేసి కాలువ పొడవునా తెల్లగా చల్లిపోయారు. ఎవరైనా ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునే వాసనే అది. నాకు మాత్రం ఆ ఘాటు తగలగానే కాసేపు కాళ్లు కదలవు. పొడవాటి చెక్క బల్ల, దాని మీద వరసగా ఆరు తెల్ల గిన్నెలు, పక్కన ఒక్క నల్ల గిన్నె, కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నించున్న మా ల్యాబ్ అటెండరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి.

పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేసిన రోజులవి. ఎన్నాళ్ల నుంచో రాయాలనుకుంటున్నాను, నిన్న ఆ వాసన ఇక ఊరుకోనివ్వలేదు.

*

చదువుకి ముందు నేను పిల్లల వార్డులో ఆరేళ్లు నర్సుగా చేశాను. విరేచనాలతో కళ్లు లోపలికి పోయి, నాలుక ఎండిపోయి, ఏడ్చినా కన్నీళ్లు రాని పిల్లల్ని తెచ్చేవాళ్లు. ఓఆర్ఎస్ కలపడం, చెంచాతో పట్టించడం, మరీ నీరసంగా ఉంటే సెలైన్ పెట్టడం. రెండు రోజుల్లో బిడ్డ తేరుకుని మంచం చువ్వలు పట్టుకుని లేచి నించుంటే ఆ సంతోషం వేరు. కానీ నెల తిరక్కుండా అదే బిడ్డ, అదే విరేచనాలు, అదే మంచం. మూడోసారి వచ్చిన ఒక పిల్లాడికి సూది గుచ్చడానికి నరం దొరకక, పాత మచ్చల మధ్య వెతుక్కుంటూ ఉండగా నాకే అనిపించింది, నేను చేస్తున్నది ఎక్కడో ఒక చోట సరిపోవడం లేదని. ఆ ఏడాదే దరఖాస్తు పెట్టాను.

మా బ్యాచ్‌లో ఇరవై నాలుగు మంది. సగం మంది డాక్టర్లు. మిగతావాళ్లలో ఒక డెంటిస్టు, ఒక సివిల్ ఇంజనీరు, సోషల్ వర్క్ చదివినవాళ్లు ఇద్దరు, స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసి నేరుగా వచ్చిన ఒక చిన్నపిల్ల, నేను. ఆ చిన్నపిల్ల నన్ను మొదటి రోజే అక్కా అని పిలిచింది, అప్పటి నించి నాకు తను చెల్లే. రెండేళ్లూ నాకు లెక్కలు నేర్పింది తనే. తనకి జబ్బుల పేర్లు నేను చెప్పేదాన్ని.

మొదట్లో అన్నీ నిర్వచనాలే. పబ్లిక్ హెల్త్ అంటే జబ్బు రాకుండా చూడటం, ఆయుష్షు పెంచడం, ఆరోగ్యాన్ని పెంపొందించడం, అదంతా సమాజం కలిసికట్టుగా చేసే ప్రయత్నంతో జరగాలని 1920లో విన్‌స్లో అనే అమెరికా ప్రొఫెసర్ చెప్పిన మాటని పొద్దున లేస్తే వల్లె వేసేవాళ్లం. 1978 ఆల్మా ఆటా, 1986 ఒట్టావా, ఆ ప్రపంచ ఆరోగ్య సమావేశాల్లో ఏ ప్రకటనలో ఏముందో చార్టులు గీసి గోడకి అంటించుకునేవాళ్లం. ఇవన్నీ పరీక్షకి పనికొచ్చాయి. వాటి సంగతి అంతకన్నా ఎక్కువ రాయను.

మనసులో నిలిచిపోయినవి వేరే.

*

మాకు ఎపిడెమియాలజీ, అంటే జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తుందో లెక్కకట్టే శాస్త్రం చెప్పిన సార్ చాలా నెమ్మది మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఎవరు ఏ అంకె చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "కింద ఏముంది?"

మొదటి వారం నేనే దొరికాను. మా వార్డులో విరేచనాల కేసులు ఏ కాలంలో ఎక్కువో లేచి ధైర్యంగా చెప్పాను. సార్ బోర్డు మీద నేను చెప్పిన అంకె వేసి, దాని కింద ఒక గీత గీసి, సుద్దముక్క నా వైపు చాపారు. "కింద ఏముందమ్మా?" నాకు అర్థం కాలేదు. "ఇంతమంది పిల్లలు వచ్చారు, సరే. ఎంతమంది పిల్లల్లోంచి వచ్చారు? రాని పిల్లలు ఎంతమంది? వాళ్లకి జబ్బు రాలేదా, జబ్బు వచ్చినా మీ దగ్గరికి రాలేదా?" అని ఒక్కొక్కటీ ఆగి ఆగి అడిగారు. ఆరేళ్లు వార్డులో ఉన్నాను, తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాళ్లనే చూశాను, రానివాళ్ల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గీత కింద ఖాళీ జాగా అలాగే ఉండిపోయింది. క్లాసు అయ్యాక కూడా ఎవరూ తుడవలేదు.

స్కూల్లో లవం, హారం అని చదువుకున్నదే అది. ఆ హారం వెనక ఇంత ఉందని స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

జాన్ స్నో అనే లండన్ డాక్టరు గురించి అందరూ చెప్పే కథ 1854లో కలరా ఆపడానికి బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు హ్యాండిల్ తీయించడం. సార్ ఆ కథ రెండు ముక్కల్లో ముగించేశారు, హ్యాండిల్ తీసేనాటికే కలరా తగ్గుముఖం పట్టిందని స్నో కూడా ఒప్పుకున్నాడని చెప్పి. ఆయనకి ఇష్టమైనది అదే ఏడాది స్నో చేసిన రెండో పని. లండన్ దక్షిణాన ఒకే వీధిలో, పక్కపక్క ఇళ్లకి రెండు కంపెనీల నీళ్లు వచ్చేవి. లాంబెత్ కంపెనీ 1852లోనే నది పైభాగానికి, మురుగు కలవని చోటికి మారిపోయింది. సౌత్‌వార్క్ అండ్ వాక్సాల్ కంపెనీ మాత్రం నగరం మురుగు కలిసే చోటే నీళ్లు తోడేది. సార్ బోర్డు మీద మొదట చావులు మాత్రమే వేశారు. సౌత్‌వార్క్ నీళ్ల ఇళ్లలో 1,263. లాంబెత్ నీళ్ల ఇళ్లలో 98. మిగతా లండన్ మొత్తంలో 1,422. "ఎక్కడ ఎక్కువ?" అన్నారు. మిగతా లండన్‌లో అన్నాం. అప్పుడు ఒక్కో అంకె కిందా గీత గీసి ఇళ్ల లెక్క రాశారు. 40,046. 26,107. 2,56,423. పది వేల ఇళ్లకి ఎన్ని చావులో మమ్మల్నే చెయ్యమన్నారు. కాల్కులేటర్ల మీద వేళ్ల చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. 315. 37. 55. వెనక బెంచీలో ఎవరో "అబ్బా" అన్నారు, అంతే.

ఆ లెక్క కోసం స్నో చనిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లి తలుపు కొట్టి మీకు ఏ కంపెనీ నీళ్లు అని అడిగాడు. అద్దెకుండేవాళ్లకి చాలాసార్లు తెలిసేది కాదు. అప్పుడు ఆ ఇంటి నీళ్లు కొంచెం సీసాలో పట్టుకొచ్చి సిల్వర్ నైట్రేట్ వేసి చూసేవాడు. సౌత్‌వార్క్ నీళ్లలో ఉప్పు ఎక్కువ, తెల్లగా విరిగేవి. తెలీదు అన్న ఇంటిని కూడా ఆయన వదిలిపెట్టలేదు. సార్ ఆ మాట చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఆగారు. ఎందుకు ఆగారో అప్పుడు నాకు తెలియలేదు.

*

ఇక ఆ గిన్నెలు.

హారక్స్ పరికరం అంటారు దాన్ని. బావిలో నీళ్లకి ఎంత బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలో తేల్చడానికి. చూడ్డానికి పిల్లల ఆటసామాను పెట్టెలా ఉంటుంది. రెండొందల మిల్లీలీటర్లు పట్టే తెల్ల గిన్నెలు ఆరు, లోపల గుండ్రంగా గీత ఉన్న నల్ల గిన్నె ఒకటి, రెండు గ్రాములు పట్టే చెంచాలు, గాజు కడ్డీలు, పిపెట్, డ్రాపర్లు, నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే నీలంగా మారే స్టార్చ్ అయొడైడ్ చిన్న సీసాలో.

అటెండరుకి అప్పటికే రిటైర్మెంట్ దగ్గర పడింది. ఆయన డ్యూటీ సామాను తీసి ఇవ్వడం, కడిగి లోపల పెట్టడం. కానీ మాకు చెయ్యడం నేర్పింది ఆయనే. చెంచా పౌడర్ నల్ల గిన్నెలో వేసి, ముందు రెండు చుక్కల నీళ్లతో ముద్దలా నూరాలి. ఒకేసారి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల్లో క్లోరిన్ ఉండిపోతుంది. తర్వాత గీత దాకా నీళ్లు పోసి కలిపి తేరనివ్వాలి. తెల్ల గిన్నెల్లో పరీక్ష చెయ్యాల్సిన నీళ్లు. పైన తేరిన ద్రావణాన్ని పిపెట్‌తో మొదటి గిన్నెలో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో మూడు, అలా ఆరో దాంట్లో ఆరు. ఒక్కో గిన్నెకి ఒక్కో కడ్డీ. "కడ్డీ మార్చి పెట్టకమ్మా, లెక్క పోతది" అని వెనక నించి ఆయన గొంతు.

అక్కడ నించి అరగంట ఊరికే కూర్చోవాలి. క్లోరిన్ నీళ్లలోని మలినాలతో తన పని తను చేసుకోవడానికి అంత టైం కావాలి. ఎవరైనా కంగారుపడి ముందే స్టార్చ్ సీసా ముట్టుకుంటే ఆయన ఏమీ అనేవాడు కాదు, సీసా తీసి తన జేబులో పెట్టుకునేవాడు. గోడ గడియారం చప్పుడు, బల్ల మీద ఆ ఘాటు, కళ్ల మంట. అరగంట అయ్యాక ఒక్కో గిన్నెలో మూడు చుక్కల స్టార్చ్. మొదటి గిన్నెలో ఏం లేదు. రెండో దాంట్లోనూ లేదు. మూడో గిన్నెలో చుక్క పడ్డ చోట నించి పొగలాగా నీలం లేచి మొత్తం పాకేది. నాలుగు, అయిదు, ఆరు ఇంకా ముదురు. మొదటిసారి నీలం తేలింది మూడో గిన్నెలో కాబట్టి మూడు చెంచాలు, అంటే ఆరు గ్రాములు, 455 లీటర్ల నీళ్లకి.

పుస్తకంలో ఇంత నీటికి ఇంత పౌడర్ అని లెక్క ఉంది కదా, మళ్లీ ఇదంతా ఎందుకని ఇంజనీరు అబ్బాయి ఒకసారి అడిగాడు. అటెండరు డబ్బా మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టాడు. తర్వాత బీరువాలోంచి ఇంకో పాత డబ్బా తీసి అదీ చూపించాడు. ఆ రెండో దాంట్లో వాసన లేదు, పౌడర్ తడిసి గట్టిపడి ఉంది. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, గాలి తగిలినా ఎండ తగిలినా తేమ తగిలినా పోతూనే ఉంటుంది. ఒక బావి నీళ్లు ఇంకో బావి నీళ్లలా ఉండవు. అందుకని ఆ పౌడర్‌నే, ఆ నీళ్లలోనే వేసి చూడాలి. మా పాఠాల్లో ఇంత తేలిగ్గా, ఇంత గట్టిగా నాకు ఎక్కింది ఇంకోటి లేదు. క్లోరిన్ వేశాక కూడా గంట ఆగి, మిగిలిన క్లోరిన్ లీటరుకి అర మిల్లీగ్రామ్ ఉందో లేదో చూడాలి. ఆయన ఆ రంగు చూసే తీరు ఇప్పటికీ గుర్తుంది. గిన్నె కింద తెల్ల కాగితం పెట్టి, ఒక కన్ను మూసి.

వార్డులో ఓఆర్ఎస్ కలిపిన చేతుల్తోనే ఇది చేస్తున్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. మూడుసార్లు వచ్చిన ఆ పిల్లాడి ఇంటి నీళ్లు ఏ గిన్నె దాకా వెళ్లి ఉండేవో.

*

సాయంత్రాలు కంప్యూటర్ ల్యాబ్‌లో. మౌస్ లేని డాస్ రోజులు. ఎపి ఇన్ఫో అనే ప్రోగ్రామ్, జబ్బుల నియంత్రణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ వాళ్లు ఉచితంగా ఇచ్చేది, ఫ్లాపీలో చేతులు మారుతూ తిరిగేది. ఫారాలు కట్టలు కట్టలు. ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి. నేను చదివేదాన్ని, చెల్లి కొట్టేది. "ఒకటి, రెండు, రెండు, తొమ్మిది, ఒకటి." అర్థం లేని ఎక్కాల్లా ఉండేది వినేవాళ్లకి. నాకు మాత్రం ఒకటి అంటే మగపిల్లాడు, రెండు అంటే టీకా కార్డు లేదు, తొమ్మిది అంటే తల్లికి గుర్తులేదు. అయిపోయాక మళ్లీ మొదటి నించి రెండోసారి కొట్టి, రెండు ఫైళ్లనీ పోల్చి ఎక్కడ తేడా వస్తే అక్కడ ఫారం వెతికి సరిచూసేవాళ్లం. డబుల్ ఎంట్రీ. రాత్రి పదకొండింటికి ప్రింటరు కరకరమంటూ కాగితం కక్కుతుంటే ఆ చప్పుడుకి నిద్రమత్తు వదిలేది.

ఒకసారి మా జతలోనే తల్లుల సగటు వయసు నలభై దాటి వచ్చింది. ఏడాది పిల్లల తల్లులు! ఎక్కడ తప్పిందో గంటసేపు దొరకలేదు. చివరికి చెల్లే పట్టుకుంది. వయసు తెలియదన్న చోట 99 అని కోడ్ వేశాం, కంప్యూటరు వాళ్లందర్నీ తొంభై తొమ్మిదేళ్లవాళ్లు అనుకుంది. సరిచేశాక సగటు మామూలుగా వచ్చింది. కానీ సార్‌కి చెబితే ఆయన సగటు గురించి అడగలేదు. "ఆ 99లు ఎంతమంది? ఏ ప్రాంతం వాళ్లు?" అన్నారు. తెలీదు అన్నవాళ్లంతా దాదాపు రెండు మూడు చోట్లే ఉన్నారని అప్పుడు చూశాం.

ఆయన క్లాసులో ఆస్వెగో లెక్క చేసిన రోజు కూడా ఇలాంటిదే. ఈ చదువు ఎక్కడ చదివినవాళ్లకైనా ఆ పేరు తెలిసే ఉంటుంది. 1940 ఏప్రిల్ 18న న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చర్చి విందు, తిన్నవాళ్లు వరసగా వాంతులతో పడిపోయారు. ఏ వంటకం వల్లో తేల్చాలి. వంటకానికో రెండు అడ్డం రెండు నిలువు పట్టిక గీసుకుంటూ పోవాలి. వెనీలా ఐస్‌క్రీమ్ దగ్గరికి రాగానే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తిన్న 54 మందిలో 43 మంది జబ్బుపడ్డారు, తినని 21 మందిలో ముగ్గురే. దాదాపు 80 శాతం, 14 శాతం. అయిదున్నర రెట్లు పైమాట. క్లాసంతా ఒకటే హుషారు, దొంగని పట్టేసినట్టు.

సార్ హుషారు తగ్గేదాకా ఆగారు. "తినకుండా జబ్బుపడ్డ ఆ ముగ్గురి సంగతేంటి?" దాని మీద పావుగంట వాదనలు. తిన్నది మర్చిపోయారేమో, ఇంకొకరి గిన్నెలోది రుచి చూశారేమో, వేరే జబ్బేమో. అవి అయ్యాక ఇంకో ప్రశ్న. "విందుకి ఎంతమంది వచ్చారని రాసుంది?" కాగితాలు తిరగేశాం. 80 మంది. "మీరు లెక్క చేసింది ఎంతమందిని?" 75. "ఆ ఐదుగురు?"

దానికి కాగితంలో జవాబు లేదు. ఆయనకీ జవాబు అక్కర్లేదు. గుర్తుపెట్టుకోండి అన్నారు, బ్యాగు తీసుకుని వెళ్లిపోయారు.

*

థీసిస్‌కి నేను టీకాల కవరేజీ తీసుకున్నాను, అంటే ఎంతమంది పిల్లలకి టీకాలు అందాయో. ముప్పై క్లస్టర్లు, అంటే లెక్క కోసం ఎంచిన ముప్పై చోట్లు, ఒక్కో చోట ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లలు ఏడుగురు, మొత్తం 210. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాల కార్యక్రమంలో అప్పటికే ఎన్నో దేశాల్లో వాడిన పద్ధతి. ఎక్కడ మొదలుపెట్టాలో కరెన్సీ నోటు మీది నంబరు చూసి తేల్చేవాళ్లం, మన ఇష్టం అందులో దూరకుండా. మొదటి ఇల్లు అలా దొరుకుతుంది, అక్కడ నించి దగ్గరి గుమ్మం, మళ్లీ దగ్గరి గుమ్మం, ఏడుగురు పిల్లలు దొరికేదాకా.

పొద్దున తొమ్మిదికి బయల్దేరి వెళ్లేదాన్ని. అట్ట, ఫారాలు, రెండు పెన్నులు, నీళ్ల సీసా. గుమ్మంలో కూర్చుని పిల్లని ఒళ్లోకి తీసుకుని ఎడమ భుజం మీద బీసీజీ, అంటే క్షయ టీకా మచ్చ కోసం వేలితో తడిమి చూడటం, కార్డు అడగటం, కార్డు లేకపోతే ఏ వయసులో ఏ సూదో తల్లికి గుర్తుచెయ్యడం. తొమ్మిది నెలలప్పుడు వేసే తట్టు సూది చాలామందికి గుర్తుండేది, ఆ తర్వాత వారం పది రోజులకి పిల్లకి జ్వరం వచ్చి నిద్ర లేకపోవడం వల్ల.

తాళం ఉన్న ఇల్లు వస్తే పక్కింటికి వెళ్లిపోవచ్చు. ఆ పద్ధతిలో అందరూ చేసేది అదే. ఏడుగురూ దొరికితే చాలు. కానీ సార్ మొదటి రోజే నా చేత నోటుబుక్కులో ఒక నిలువు గీత కొట్టించి దాని మీద "తాళం" అని రాయించారు. తాళం ఉంటే పక్కవాళ్లని అడగాలి, ఆ ఇంట్లో ఆ వయసు బిడ్డ ఉందా అని. ఉందంటే వదలకూడదు. ఇంకో వేళకి వెళ్లాలి, దొరక్కపోతే ఇంకో వేళకి.

టెన్షన్ పడ్డాను, నిజంగా. మిగతావాళ్లు వారంలో అయిదు క్లస్టర్లు చేస్తుంటే నేను రెండు దగ్గర ఆగిపోయాను. ఎవరికీ లేని రూలు నాకే ఎందుకని చెల్లి దగ్గర ఏడ్చాను కూడా. చాలా ఏళ్ల తర్వాత 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మాన్యువల్ చదువుతుంటే అందులో అదే ఉంది. దొరకని ఇంటికి బదులు ఇంకో ఇల్లు తీసుకోవద్దు, మళ్లీ వెళ్లండి అని. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

ఊరి చివర ఒక కాలనీ. నా పద్నాలుగో క్లస్టర్. అందులో ఒక రేకుల ఇల్లు, నీలం తలుపు, కింద చెక్క విరిగి పిల్లి దూరేంత సందు. పొద్దున తాళం. మర్నాడు మధ్యాహ్నం తాళం. ఆదివారం కూడా తాళం. పక్కింటావిడ చెప్పింది, ఏడాదిన్నర పిల్ల ఉందని, తల్లి పనికి పోతూ వెంట తీసుకెళ్తుందని, చీకటి పడితేగానీ రాదని.

నాలుగోసారి సాయంత్రం వెళ్లాను. కాలేజీలో అందర్నీ ఉండమన్నారు, ఏదో ఉందన్నారు, నేను మాత్రం బస్సు పోతుందని పరిగెత్తాను. ఏడున్నర దాటింది. ఆ నీలం తలుపు కింది సందులోంచి దీపం వెలుగు నేల మీద పడుతోంది. ఆ వెలుగు చూసి నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

తలుపు తీసినావిడకి పాతికేళ్లు కూడా ఉండవు. భుజం మీద పిల్ల నిద్రపోతోంది. ఎందుకొచ్చానో చెప్పాను. ఆవిడ అనుమానంగానే లోపలికి రమ్మంది. పిల్ల ఎడమ భుజం తడిమాను. మచ్చ లేదు. కార్డు లేదు. పుట్టినప్పుడు వేసిన పోలియో చుక్కలు తప్ప ఇంకేం లేదు. ఎందుకు వేయించలేదని ఫారంలో ప్రశ్న ఉంది, పక్కన గళ్లు ఉన్నాయి. భయమా, తెలియకనా, దూరమా. అడిగాను. ఆవిడ పిల్లని ఇంకో భుజానికి మార్చుకుని చాలా మామూలుగా చెప్పింది.

"మీరంతా పగలే వస్తారు కదమ్మా. పగలు మేముండం."

టీకాలు వేసేవాళ్లూ పగలే వస్తారు, లెక్క రాసుకునేవాళ్లూ పగలే వస్తారు. ఫారంలో దానికి గడి లేదు. పక్కన మార్జిన్‌లో ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఏ రోజు సెలవు పెట్టుకోగలదో అడిగి, ఆ రోజు నేనే వచ్చి తీసుకెళ్తానన్నాను. నమ్మలేదేమో, తల ఊపింది. వెళ్లాను. నలుగురు తల్లులు వచ్చారు ఆ రోజు, ఆవిడే పిలుచుకొచ్చింది.

నిలువు గీతలో తాళం అని ఉన్న ఇళ్లని విడిగా తీసి చూస్తే, టీకాలు అందని పిల్లలు అందులోనే గుంపుగా ఉన్నారు. వాళ్లని కలిపితే నా కవరేజీ కిందకి దిగింది. కలపకపోయుంటే ఎంత బాగుండేదో అంకె! వైవాలో బయటి నించి వచ్చిన ఎగ్జామినర్ ఆ ఒక్క పట్టిక దగ్గరే ఆగి అన్ని ప్రశ్నలూ అందులోంచే అడిగారు. సార్ పక్కన కూర్చుని ఒక్క మాట కూడా అందించలేదు. కాగితం మీద ఏదో గీస్తూ ఉన్నారు. తర్వాత చూస్తే అదొక అడ్డగీత, పైనా కిందా ఏం రాయకుండా.

*

ఓఆర్ఎస్ గురించి ఒక్కటి రాసి ఆపుతాను, లేకపోతే రాసినట్టు ఉండదు నాకు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెట్టిన బంగావ్ శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు చాలక, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, సోడా బైకార్బనేట్ తూకం వేయించి డ్రమ్ముల్లో కలిపించి, పట్టించే పని రోగుల ఇంటివాళ్ల చేతికే ఇచ్చాడు. ఆయన వార్డుల్లో చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఆ పాఠం విన్న రోజు నేను హాస్టలుకి వెళ్లి మా పాత వార్డు సిస్టర్‌కి ఉత్తరం రాశాను, మనం రోజూ కలిపే ప్యాకెట్టు కథ ఇదీ అని. ఆవిడ జవాబులో రాసింది, ఇప్పుడు ప్యాకెట్టు ఇచ్చి పంపేటప్పుడు ఇంట్లో ఇంకా ఎంతమంది పిల్లలున్నారని కూడా అడుగుతున్నామని.

*

సార్ ఈ మధ్యే పోయారు. మా బ్యాచ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో కబురు తెలిసింది. చాలామంది ఏం రాయాలో తెలియక చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. రాత్రికి ఎవరో పాత గ్రూప్ ఫొటో ఒకటి స్కాన్ చేసి పెట్టారు, లైబ్రరీ మెట్ల మీద, మధ్యలో సార్, ఎప్పటిలా చేతులు వెనక్కి పెట్టుకుని. అటెండరు కూడా చివర్లో నించుని ఉన్నాడు. నేను ఒక్కొక్క మొహమూ పెద్దది చేసి చూసుకుంటూ కూర్చున్నాను.

పది నిమిషాల్లో ఇంజనీరు అబ్బాయి రాశాడు. "ఇందులో మనవాళ్లు ఇరవై ఇద్దరే ఉన్నారు. మిగతా ఇద్దరు ఎవరు?"

వెంటనే అందరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు, అర్ధరాత్రి మెలకువతో ఉన్నవాళ్లు, మెట్టు మెట్టునా పేర్లు రాసుకుంటూ. ఒకరు దొరికారు, డెంటిస్టు, ఫొటో తీసింది తనే. రెండోవాళ్లు ఎవరో తేలలేదు. చివరికి చెల్లే రాసింది, "అక్క లేదు. అక్కా, ఆ రోజు నువ్వెక్కడికి వెళ్లావు?"

నీలం తలుపు ఇంటికి అని రాశాను.